ఇంట కట్టిన విమానానికి ఇంధన ధార

బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాలకు గరాజు అంటే కారు నిలిపే చోటు, లేదా ఇల్లు మారినప్పుడు విప్పని పెట్టెలు దాచుకొనే చోటు. అయితే ఈ దేశంలో కొందరి గరాజులలో విమానాలు తయారవుతుంటాయి. చట్టానికి లోబడి, తగిన పర్యవేక్షణలో, ఒక సామాన్య పౌరుడు తన చేతులతో చిన్న విమానాన్ని నిర్మించుకొని దానిలో ఎగరవచ్చును. ఈ ఉద్యమానికి 1946లో అల్ట్రా లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పేరుతో బీజం పడినది. ఆ సంస్థయే తరువాత పాపులర్ ఫ్లయింగ్ అసోసియేషన్‌గా, 2008 నుండి లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌గా పేరు మార్చుకొన్నది. నమూనాలను పరిశీలించడం, నిర్మాణాన్ని ఇన్‌స్పెక్టర్లచేత దశలవారీగా తనిఖీ చేయించడం, 'పర్మిట్ టు ఫ్లై' అనే అనుమతికి మార్గం సుగమం చేయడం దాని బాధ్యతలు. కేరళ నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ఇంజనీరు కోవిడ్ కాలంలో తన కుటుంబం కోసం నాలుగు సీట్ల విమానాన్ని నిర్మించుకొన్న సంగతి 2022లో అనేక భారతీయ పత్రికలలో వచ్చినది. కనుక ఇది మనవారికి అందని ద్రాక్ష కాదు.

ఇటువంటి విమానం కట్టేవారి దృష్టి సహజంగా రెక్కల మీద, ఇంజను మీద, మెరిసే పరికరాల మీద ఉంటుంది. ట్యాంకు నుండి ఇంజను వరకు సాగే సన్నని గొట్టం ఎవరినీ ఆకర్షించదు. కాని కారులో పెట్రోలు అందకపోతే రోడ్డు పక్కన ఆపుకొని సహాయం కోసం ఎదురుచూడవచ్చు. నేల విడిచి 300 అడుగుల ఎత్తుకు చేరిన విమానంలో ఇంధనం ఆగితే, దిగేచోటు వెదకడానికి మిగిలేవి కొన్ని క్షణాలే. వెనుక సీటులో పిల్లలు కూర్చొని ఉంటే ఆ క్షణాల బరువు ఎంతో చెప్పనక్కరలేదు.

ఇంధన వ్యవస్థను నమ్మదగినదిగా చేసేది ఖరీదైన భాగాలు కావు. ఇంధనం ఏయే కారణాలచేత ఆగిపోగలదో ముందుగా ఊహించి, ఒక్కొక్క కారణాన్ని నేల మీదనే తొలగించడమే అసలు విద్య. ఆ కారణాలను వరుసగా పరిశీలించవచ్చును.

ధార ఎంత ఉండాలి?

ఐరోపాలో చిన్న విమానాలకు విరివిగా వాడే 100 అశ్వశక్తి రోటాక్స్ 912 ఇంజను, పూర్తి శక్తితో నేల విడిచే వేళ గంటకు సుమారు 27 లీటర్ల పెట్రోలు తాగుతుంది. అంటే నిమిషానికి 450 మిల్లీలీటర్లు. గొట్టం సరిగ్గా అంతే ఇస్తే చాలదు. వడపోతలో కొద్దిగా నలుసు చేరినా, గొట్టం కొంచెం వంగినా ధార తగ్గుతుంది. అందుచేత విమాన నిర్మాణ ప్రమాణాలు కొంత అదనపు ధారను కోరుతాయి. ఇంధనం తన బరువుతోనే కిందికి జారే వ్యవస్థ అయితే అవసరానికి ఒకటిన్నర రెట్లు, పంపు ఉన్న వ్యవస్థ అయితే ఒకటింబావు రెట్లు రావలెను. పై ఇంజనుకు ఇది నిమిషానికి వరుసగా 675, సుమారు 565 మిల్లీలీటర్లు.

దీనిని పరీక్షించడానికి ప్రయోగశాల అవసరం లేదు. కార్బురేటరు దగ్గర గొట్టం విప్పి, అదే ఎత్తులో కొలపాత్ర పెట్టి, గడియారం చూస్తూ పట్టుకొనడమే. అయితే విమానం ముక్కును నిటారుగా ఎక్కేటప్పుడు ఉండేంత పైకి ఎత్తి, ట్యాంకులో అతి తక్కువ ఇంధనం ఉంచి కొలవవలెను. చదునైన నేల మీద నిండు ట్యాంకుతో చేసిన పరీక్ష మనసుకు తృప్తినిస్తుందే గాని సత్యం చెప్పదు. ఇది ఆరుబయట, నిప్పుకు దూరంగా, మంటలనార్పే పరికరం చేతికందేటట్లు ఉంచుకొని చేయవలసిన పని.

రెక్కలు పైన ఉన్న విమానంలో పంపు అక్కరలేదని కొందరి అభిప్రాయం. ఒక మీటరు ఎత్తున్న పెట్రోలు స్తంభం కలిగించే ఒత్తిడి సుమారు 0.07 బార్ మాత్రమే. రోటాక్స్ 912 కార్బురేటర్లు కోరే కనిష్ఠ ఒత్తిడి 0.15 బార్. అంటే రెండు మీటర్లకు పైగా ఎత్తు కావలెను. చిన్న విమానంలో అంత ఎత్తు ఎక్కడిది? కనుక ఇంజనుకు ఏమి కావలెనో దాని పుస్తకంలో చూసిన తరువాతనే వ్యవస్థను నిర్ణయించుకోవలెను.

ట్యాంకు కూడా ఊపిరి తీయాలి

పూర్వం మన కిరాణా కొట్లలో నూనె డబ్బా తెరిచేవారు ఒక మూల రంధ్రం చేసి, ఎదురు మూల మరొక చిన్న రంధ్రం చేసేవారు. రెండవ రంధ్రం లేకపోతే నూనె గుటకలు మింగుతూ ఆగిఆగి వస్తుంది. బయటికి పోయిన నూనె స్థానంలోకి గాలి చేరవలెను గదా! విమానపు ట్యాంకుకూ ఇదే సూత్రం. ఆ రెండవ రంధ్రమే గాలిగొట్టం. అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, ఎంత మంచి పంపు ఉన్నా ధార క్రమంగా సన్నబడి ఆగిపోతుంది. పలుచని ట్యాంకు అయితే లోపలికి సొట్టపోవచ్చు కూడా.

ఈ గొట్టాన్ని మూసేవి సాలీడు గూడు, పురుగులు పెట్టిన మట్టి, చలికాలపు మంచు. రక్షణ సులభం. గొట్టం మొనకు సన్నని జల్లెడ ఉండవలెను. ప్రతి ట్యాంకుకు విడిగా గాలిదారి ఉండవలెను. విమానం నిలిపి ఉంచినప్పుడు మూత పెడితే దానికి ఎర్రని పట్టీ కట్టి, ఎగిరేముందు తీయడం మరువకుండా చూసుకోవలెను.

నీరు, నలుసు

నీరు పెట్రోలులో కలవదు, దానికంటె బరువైనది కూడా. విమానపు పెట్రోలు లీటరు సుమారు 0.72 కిలోలు తూగితే నీరు ఒక కిలో తూగుతుంది. అందుచేత ట్యాంకులో చేరిన నీరు బిందెలో మడ్డి వలె అడుగుకు దిగుతుంది. మూత సందులోనుండి కారిన వాన, సగం నిండిన ట్యాంకులో రాత్రి చలికి చెమ్మగిల్లిన గాలి, ఇవే దానికి మూలాలు. బ్రిటన్ వాతావరణంలో రెండింటికీ కొదువ లేదు.

కాబట్టి ట్యాంకు అడుగున అన్నింటికంటె పల్లపు చోట ఒక డ్రెయిన్ ఉండవలెను. మొత్తం వ్యవస్థలో అతి పల్లపు చోట గ్యాస్కొలేటరు అనే గిన్నె, దాని కింద మరొక డ్రెయిన్ ఉండవలెను. రోజూ మొదటిసారి ఎగిరేముందు, పెట్రోలు పోయించిన తరువాత, గాజు పాత్రలోకి కొంత పట్టి చూడవలెను. అడుగున నీటి బుడగ కనిపిస్తే, అది పూర్తిగా పోయేవరకు తీయవలెను. పాత్ర నిండా నీరే ఉన్నా తేటగానే కనిపిస్తుంది గనుక రంగు, వాసన కూడ గమనించవలెను.

నీరు పెద్ద విమానాలనూ విడువలేదు. 2008 జనవరి 17న బీజింగ్ నుండి లండన్ హీత్రో చేరుతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 విమానంలో, దిగడానికి కొద్ది క్షణాల ముందు రెండు ఇంజన్లకూ తగినంత ఇంధనం అందలేదు. విమానం రన్‌వేకు ముందున్న గడ్డి నేల మీద పడినది. అందులోని 152 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఇంధనంలో సహజంగా ఉండే కొద్దిపాటి నీరు దీర్ఘమైన చలి ప్రయాణంలో మంచుగా మారి, ఇంధనాన్ని వేడి చేసే పరికరం ముఖద్వారాన్ని కప్పివేసినదని దర్యాప్తులో తేలినది. దరిమిలా ఆ పరికరపు నిర్మాణాన్నే మార్చారు. ఇంజన్లు రెండైనా వాటికి వచ్చిన కష్టం ఒకటే కావడం ఇక్కడ గమనార్హం.

నలుసు సంగతి ఇంట కట్టే విమానాలలో మరింత ముఖ్యం. రంధ్రాలు తొలిచినప్పటి లోహపు పొట్టు, అతుకులకు పూసిన సీలెంటు తునకలు కొత్త ట్యాంకులో మిగిలిపోతాయి. ట్యాంకు ముఖద్వారంలో పెద్ద కన్నుల జల్లెడ, పంపుకు ముందు సన్నని వడపోత ఉండవలెను. ట్యాంకును పలుమార్లు కడిగి, మొదటి కొద్ది గంటల ప్రయాణాల తరువాత వడపోతలను విప్పి చూడవలెను.

ఆవిరి, మంచు

పెట్రోలు సులభంగా ఆవిరి అవుతుంది. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 10,000 అడుగుల ఎత్తులో అది నేల మీది ఒత్తిడిలో సుమారు 70 శాతమే. పైగా పంపు పీల్చే వైపు గొట్టంలో ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. దానికి ఇంజను వేడి తోడైతే గొట్టంలోనే పెట్రోలు మరుగుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గాని బుడగలను తోయలేదు. దీనినే వేపర్ లాక్ అంటారు. ఎండరోజున ఒక ప్రయాణం ముగించి, టీ తాగి, అరగంటకు మళ్లీ బయలుదేరే వేళ ఇది పొంచి ఉంటుంది. ఇంజను ఆగినప్పుడు గాలి వీచదు గనుక దాని వేడి మూత కింద గొట్టాలకు ఎక్కుతుంది.

నివారణ నిర్మాణంలోనే ఉన్నది. విద్యుత్ పంపును ట్యాంకుకు దగ్గరగా, పల్లంలో అమర్చితే అది పీల్చనక్కరలేక తోస్తుంది. గొట్టాలను ఎగ్జాస్టుకు దూరంగా నడిపి, వేడిని ఆపే తొడుగు వేయవలెను. ఆవిరిని తిరిగి ట్యాంకుకు పంపే సన్నని గొట్టం కూడ మేలు చేస్తుంది. అయితే ఆ తిరుగుదారి ఇంధనం తీసుకొన్న ట్యాంకుకే చేరవలెను. వేరొక నిండు ట్యాంకుకు చేరితే పెట్రోలు గాలిగొట్టం గుండా బయట పారబోసినట్లే.

గ్రేట్ బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుండి సాధారణ పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలు కొన్ని రకాల రబ్బరును, సీలెంటును, ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెసిన్‌ను మెత్తబరుస్తుంది. నీటిని తనలో ఇముడ్చుకొని, చలికి ఒక్కసారిగా విడిచిపెడుతుంది. కారుకు సరిపోయినది విమానానికీ సరిపోవునని భావించరాదు. ఆ నమూనాకు, ఆ ఇంజనుకు అనుమతించిన ఇంధనమే వాడవలెను. రబ్బరు గొట్టాలకు వయస్సు కూడ ఉన్నది. రోటాక్స్ సంస్థ వాటిని ఐదేళ్లకొకసారి మార్చవలెనని నిర్దేశించినది.

ఇంధనం గాలితో కలిసే చోట మరొక శత్రువు ఉన్నది. వేసవిలో కుండలోని నీరు చల్లబడే సూత్రమే కార్బురేటరులోనూ పనిచేస్తుంది. ఆవిరయ్యే పెట్రోలు చుట్టూ ఉన్న వేడిని లాగివేస్తుంది. అక్కడ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. గాలిలోని తేమ మంచై గొంతును మూస్తుంది. ఇందుకు గడ్డకట్టే చలి అక్కరలేదు. తేమతో నిండిన, ఓ మోస్తరు వెచ్చని బ్రిటిష్ వేసవి ఉదయం చాలును. అందుకే కార్బురేటరుకు వేడి గాలి పంపే ఏర్పాటు అవసరమవుతుంది.

చేతికి అందని వాల్వు

రెండు కొబ్బరిబోండాలలో రెండు గొట్టాలు వేసి, రెండింటినీ ఒకేసారి నోట పెట్టుకొని పీల్చినామనుకొందాము. ఒకదానిలో నీరు అయిపోయిన మరుక్షణం గాలి మాత్రమే వస్తుంది. రెండవది నిండుగా ఉన్నా చుక్క రాదు. రెక్కలు కింద ఉన్న విమానాలలో రెండు ట్యాంకులనుండి ఒకేసారి పీల్చే ఏర్పాటు పెట్టకపోవడానికి ఇదే కారణం. పైలట్ ఎడమ, కుడి ట్యాంకులను మార్చి మార్చి వాడుకోవలెను. కనుక ఆ మార్చే వాల్వు ఎక్కడ ఉన్నదనేది ప్రాణప్రదమైన విషయం.

1997 అక్టోబరు 12న అమెరికాలో ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ తాను కొత్తగా కొన్న లాంగ్-ఈజీ అనే స్వయంనిర్మిత విమానంలో ప్రయాణిస్తూ కాలిఫోర్నియా తీరాన సముద్రంలో కూలి మరణించారు. ఆ నమూనా రూపకర్త బర్ట్ రుటాన్ ఈ వాల్వును పైలట్ ముందు, కాళ్ల మధ్య ఉంచారు. ఆ విమానాన్ని కట్టినవారు కాక్‌పిట్‌లోనికి ఇంధన గొట్టాలు రాకూడదన్న సదుద్దేశంతో దానిని పైలట్ ఎడమ భుజం వెనుకకు మార్చారు. దానిని తిప్పడానికి పైలట్ వెనుకకు మెలితిరగవలసి వచ్చేది. అలా ప్రయత్నించే వేళ కాలు పెడలును నొక్కడంతో విమానం అదుపు తప్పినదని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చినది. బయలుదేరే ముందు ఇంధనం పోయించకపోవడాన్ని, ఆ వాల్వుపై గుర్తులు లేకపోవడాన్ని కూడ అది ప్రస్తావించినది. వాల్వు చెడిపోలేదు, మనిషి చేతికి అనువుగా లేదు, అంతే.

అందుచేత వాల్వు కంటికి కనిపిస్తూ, పట్టీ కట్టుకొని కూర్చున్న పైలట్ చేతికి అందుతూ ఉండవలెను. పిడి మొన ఏ వైపు చూస్తే ఆ ట్యాంకే పనిచేయవలెను. పూర్తిగా మూసే స్థానానికి పొరపాటున పోకుండా అదనపు అడ్డు ఉండవలెను. మంటలు చెలరేగితే ఇంధనాన్ని ఆపేదీ అదే గనుక అవసరమైన క్షణాన వెంటనే మూతపడవలెను.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. వాల్వు మూసి ఉన్నా, కార్బురేటరు గిన్నెలో, గొట్టాలలో మిగిలిన పెట్రోలుతో ఇంజను కొంతసేపు హాయిగా నడుస్తుంది. ఆ కొంతసేపు రన్‌వే చేరి నేల విడవడానికి సరిపోవచ్చు, ఆపైన సరిపోకపోవచ్చు. ఎగరడానికి ముందు చివరి నిమిషంలో ట్యాంకు మార్చరాదనే నియమం వెనుక ఉన్న తర్కం ఇది. ఏ ట్యాంకుతో ఎగరదలచినారో ఆ ట్యాంకుతోనే ఇంజను పరీక్ష జరగవలెను.

రెండు పంపులు, ఒకే తీగ

ఒకటి చెడితే మరొకటి ఆదుకొనునని రెండు పంపులు పెట్టడం మంచి ఆలోచన. కాని రెండూ విద్యుత్ పంపులై, రెండింటికీ ఒకే బ్యాటరీనుండి ఒకే ఫ్యూజు ద్వారా ఒకే తీగ వస్తే, ఆ తీగ తెగిన నాడు రెండూ ఒకేసారి మూగబోతాయి. లెక్కకు రెండు, పనికి ఒకటి. ఇంజను తిప్పే యాంత్రిక పంపు ఒకటి, విద్యుత్ పంపు ఒకటి ఉంటే వాటి కష్టసుఖాలు వేర్వేరు. ఇంధనాన్ని అధిక ఒత్తిడితో చిమ్మే కొత్త ఇంజన్లలో పంపులు రెండూ విద్యుత్తువే గనుక వాటికి వేర్వేరు విద్యుత్ మార్గాలు తప్పనిసరి. ఒక పంపు ఆగినప్పుడు రెండవదాని ధార దానిగుండా వెనక్కి జారకుండా ఏకదిశా వాల్వు కూడ ఉండవలెను.

ప్రతి అదనపు భాగం ఒక కొత్త అతుకును, ఒక కొత్త లీకును తనతో తెస్తుందనేది మరువరాదు. ఈ విషయంలో బ్రిటన్ చరిత్ర చక్కని పాఠం చెబుతుంది. 1940లో బ్రిటిష్ యుద్ధవిమానాలైన స్పిట్‌ఫైర్, హరికేన్‌లలోని మెర్లిన్ ఇంజను, పైలట్ ముక్కును హఠాత్తుగా కిందికి తిప్పినప్పుడు తడబడేది. బరువు తలకిందులైనట్లయి పెట్రోలు కార్బురేటరు గిన్నె పైభాగానికి ఎగసి, మొదట ఇంజనుకు అందకుండా పోయి, ఆపైన ముంచెత్తేది. ఇంధనాన్ని నేరుగా చిమ్మే జర్మన్ ఇంజన్లకు ఈ బాధ లేదు. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసే బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు దీనికి కనిపెట్టిన విరుగుడు, నడుమ లెక్కకట్టి చేసిన రంధ్రం గల ఒక చిన్న లోహపు బిళ్ల. ఇంజనుకు గరిష్ఠంగా ఎంత కావలెనో అంతే ఆ రంధ్రం గుండా పోతుంది. విమానాలను సేవనుండి తప్పించకుండానే 1941 తొలి నెలల్లో వాటికి ఈ బిళ్లలు అమర్చారు. అది శాశ్వత పరిష్కారం కాకపోయినా, మెరుగైన కార్బురేటర్లు వచ్చేవరకు పైలట్లను కాపాడినది. సమస్యను సరిగ్గా అర్థం చేసుకొన్నవారికి పరిష్కారం చిన్నదిగా ఉండగలదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

గాలను ఎవరిది?

చివరి కారణం అతి సామాన్యమైనది, ట్యాంకులో ఇంధనమే లేకపోవడం. అమెరికా గాలను సుమారు 3.79 లీటర్లు, బ్రిటిష్ గాలను సుమారు 4.55 లీటర్లు. అమెరికా కిట్ పుస్తకంలో 20 గాలన్ల ట్యాంకు అని ఉంటే అది 76 లీటర్లు. బ్రిటిష్ గాలన్లుగా చదివితే 91 లీటర్లు. లేని ఈ 15 లీటర్లు గంటకు 20 లీటర్లు తాగే ఇంజనుకు ముప్పావు గంట ప్రయాణం. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి కిలోలకు బదులు పౌండ్ల లెక్కన ఇంధనం పోయగా, నడి ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయినవి. పైలట్ల నేర్పువలన అది గిమ్లీ అనే చోట గ్లైడరు వలె క్షేమంగా దిగినది.

ఇంట కట్టేవారు ట్యాంకులో లీటర్ల చొప్పున కొలిచి పోస్తూ గేజి మీద, కొలకర్ర మీద గుర్తులు పెట్టుకోవలెను. విమానం ఎగిరే భంగిమలో ఒకసారి, నేల మీద నిలిచిన భంగిమలో ఒకసారి కొలవవలెను. ట్యాంకు అడుగున ఇంజనుకు అందని ఇంధనం ఎంతో కొలిచి, దానిని లేనట్లే భావించవలెను.

కట్టేవారికొక అలవాటు

గీసిన పటాన్ని ముందు పెట్టుకొని, ట్యాంకు మూతనుండి కార్బురేటరు వరకు ప్రతి భాగం మీద వేలు పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచి అలవాటు. ఇది మూసుకుపోతే ఏమవుతుంది? ఇది కారితే ఏమవుతుంది? అది పైలట్‌కు ఎలా తెలుస్తుంది, అప్పుడు ఆయన చేయి దేనిమీదకు పోవలెను? జవాబు దొరకని చోటనే పటం మార్చవలెను. రూపకర్త ఇచ్చిన పటంలో మార్పు చేయదలచితే, అది ఎంత చిన్నదైనా అసోసియేషన్ ఇంజనీర్లకు చూపి అనుమతి పొందవలెను. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తవలసిన స్థితి రాకుండా చూసేది ఈ ఓపికయే.

ఈ పనిలో ఇంటిల్లిపాదికీ పాత్ర ఉన్నది. గడియారం చూస్తూ ధారను కొలవడం, మిల్లీలీటర్లను గంటకు లీటర్లుగా మార్చడం, పెట్రోలు అడుగున నీరెందుకు చేరునో పెద్దల పక్కన నిలబడి చూడడం బడికి వెళ్లే పిల్లలకు పుస్తకంలో దొరకని భౌతికశాస్త్ర పాఠాలు. కొలపాత్రలో నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు పడినవో తేదీతో సహా పుస్తకంలో రాసుకొన్న కుటుంబం, ఇంజను చప్పుడు విని ధైర్యం తెచ్చుకొనే కుటుంబంకంటె ఎంతో నిబ్బరంగా రన్‌వే వైపు నడవగలదు.